పెదనాయన తుపాకీ మీది దుర్భిణి

మొన్న దసరాకు మా మనవడు కొత్త కారుకు పూజ చేయించాడు. నిమ్మకాయలు తొక్కించడం, గుమ్మడికాయ పగలగొట్టడం అన్నీ అయ్యాక, మా కోడలు కారు చుట్టూ తిరిగి బొట్లు పెడుతూ, బండి వెనక్కి వెళ్లేటప్పుడు దారి చూపించే ఆ చిన్న కెమెరాకు కూడా ఇంత కుంకుమ అద్దేసింది. లోపల తెర మొత్తం ఎర్రగా కనిపించేసరికి అందరూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తలనొప్పి అని చెప్పి లోపలికి వచ్చి పడుకున్నాను. తొంభైకి దగ్గరపడినవాడు తలనొప్పి అంటే కారణం ఎవరూ అడగరు, ఈ వయసులో ఉన్న ఒకే ఒక సౌకర్యం అది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు, గుడారాల్లో సర్కారు కచేరీలు నడిచిన రోజులు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు కర్నూలులో చదువు ముగించి, ఉద్యోగం దొరక్క, బేతంచెర్ల దగ్గరి మా పల్లెలో పెదనాయన ఇంట్లో ఉండేవాణ్ణి. మా నాయన నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచి చదివించింది ఆయనే. ఆయన దగ్గర లైసెన్సు ఉన్న రైఫిలు ఒకటి ఉండేది. మా కొండల్లో అప్పటికింకా చిరుతలు తిరుగుతుండేవి. మేకనో దూడనో ఎత్తుకుపోయినప్పుడల్లా జనం వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు, పెదనాయన లేచి తుపాకీ తీసుకునేవాడు. ఆయన వెంట జాడలు తీయడానికి నాపరాయి గనిలో పనిచేసే మేస్త్రీ ఒకడు వెళ్లేవాడు. ఊరి చర్చిలో ఆదివారం గంట కొట్టేది కూడా అతనే. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. అయినా ఆ రోజుల్లో మా ఇళ్లలో అతని కులం వాళ్లను పేరు పెట్టి, ఏకవచనంలో పిలిచేవాళ్లం. నేనూ అలాగే పిలిచాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

యాభై దాటాక పెదనాయనకు ఒక చిక్కు వచ్చిపడింది. గుట్ట మీద మేస్తున్న మేక నల్లదో ఎర్రదో చెప్పగల మనిషికి, చేతిలోని తుపాకీ కొసన ఉండే గురి ముల్లు మసకబారింది. దుర్భిణి బిగిస్తే ఆ ముల్లుతో పని ఉండదని ఎవరో చెప్పారు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను వెంటబెట్టుకుని, గుంతకల్లులో మెయిలెక్కి, మద్రాసు వెళ్లాడు. ఆ అంగట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్దది, లావుగా చెయ్యంత పొడుగున్నది ఆయనకు నచ్చింది. మా సీమవాళ్లకు ఏది కొన్నా పెద్దదే కావాలి కదా. అంగడి పెద్దమనిషి మాత్రం నవ్వి, దూరాన్ని మరీ దగ్గరికి లాగే అద్దంలో చూపు ఇరుకైపోతుందని, చేయి కాస్త వణికినా బొమ్మ ఊగిపోతుందని, మునిమాపు వెలుతురులో చూడాలంటే నాలుగింతలు చూపించే చిన్నదే మేలని ఓపికగా చెప్పాడు. నేను తర్జుమా చేశాను. పెదనాయన రెండింటినీ వాకిట్లోకి తెచ్చి, ఎదుటి మేడ నీడలోకి చాలాసేపు చూసి, చివరికి చిన్నదే తీసుకున్నాడు.

బిగించింది కర్నూలు పాతబస్తీలోని ఒక ముసలి ఉస్తాద్. తుపాకీల మరమ్మతులో ఆయన తర్వాతే ఎవరైనా. తుపాకీ వీపున రంధ్రాలు వేసి మరలు తిప్పి, దిమ్మలు కూర్చి, వాటి మీద దుర్భిణిని ఉంగరాల్లాంటి పట్టీలతో పట్టించాడు. పట్టీల మరలను ఒక్కసారిగా బిగించకుండా, ఇటు కొంచెం అటు కొంచెం, బండి చక్రానికి పట్టా వేసేవాడంత ఓపికగా బిగించాడు. పెదనాయన చేత తుపాకీ భుజానికి పెట్టించి, కంటికీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండేలా వెనక్కీ ముందుకీ జరిపి చూశాడు. ఎడం లేకపోతే తుపాకీ తన్నినప్పుడు కనుబొమ తెగుతుందట. తర్వాత ఊరవతల మట్టి బస్తాకు కాగితం అంటించి, తూటాలు కాలుస్తూ, అద్దంలో కనిపించే గీతల కూడలి గుండు తగిలేచోటికి వచ్చేదాకా గురి కుదిర్చాడు. చివరికి ఒక్కో మర తల మీద ఎర్ర లక్క చుక్క పెట్టి, నా వైపు తిరిగి అన్నాడు: "ఈ లక్క పగిలిందంటే గురి పోయినట్టే బేటా. ఈడ వెంట్రుకంత జరిగితే ఆడ జానెడు పోతాది."

దాని సంరక్షణ నా వంతయింది. గనుల దుమ్ము మా ఊళ్లో అన్నంలోకి కూడా వచ్చేది. ఆ దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దితే అద్దం గీరుకుపోతుందని, మొదట ఊది, మెత్తటి కుంచెతో దులిపి, ఆ తర్వాతే ఉతికిన పాత పంచెగుడ్డతో మధ్యలోంచి అంచుకు తుడిచేవాణ్ణి. బండి ప్రయాణంలో కుదుపు తగలకుండా తుపాకీని ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. ఉద్యోగం లేనివాడికి అదే ఉద్యోగమని పెదనాయన కోడలు, మా వదిన, ఎగతాళి చేసేది. నాకు మాత్రం లోపల గర్వంగా ఉండేది.

ఆ ఏడు ఆయుధ పూజ నాడు పెదనాయన కర్నూలు వెళ్లి ఇంకా రాలేదు. మా జేజి, అంటే పెదనాయన తల్లి, నాగలి కర్రు మొదలుకొని కత్తిపీట దాకా ఇంట్లో ఇనుమన్నదల్లా కడిగి, పసుపునీళ్లు చల్లి, టెంకాయనీళ్లు పోసి పూజ చేసేది. తుపాకీకీ ఏటా అంతే. దుర్భిణి చూసి ఆగి, "కండ్లజోడు పెట్టుకొని ఎవురన్నా తలకు పోసుకుంటారా? తీసి పక్కన పెట్టురా" అంది. తీయకూడదని ఉస్తాద్ చెప్పాడు, నీళ్లు పోనివ్వకూడదనీ చెప్పాడు. కాదని జేజికి చెప్పగలిగినవాడు మా ఇంట్లో పుట్టలేదు. అద్దాన్ని కాపాడుతున్నాననే అనుకుంటూ పట్టీల మరలు విప్పాను. లక్క చుక్కలు పెళ్లలుగా రాలిపోయాయి.

పూజ అయ్యాక, పాత గుర్తుల్ని చూసుకుంటూ నాకు చేతనైనంత జాగ్రత్తగా మళ్లీ బిగించాను. మూడు తూటాలు కాల్చి చూస్తే తెలిసిపోయేది. కానీ తూటా కాలిస్తే పెదనాయనకు చెప్పాలి, చెబితే నా మీద ఆయనకున్న నమ్మకం పోతుంది. రిజిస్టరు కవర్లకు వాడే లక్క ఇంట్లో ఉంటే, దాన్ని కరిగించి, ఉస్తాద్ పెట్టినట్టే చుక్కలు పెట్టాను. ఎంత చక్కగా కుదిరాయంటే, నా చేతి పనితనానికి నేనే మురిసిపోయాను.

పది రోజులకు గని గుడిసెల దగ్గర చిరుత దూడను చంపింది. మేస్త్రీ వచ్చి పిలిచాడు. బయలుదేరేముందు పెదనాయన ఆ చుక్కల మీద వేలు పెట్టి తడిమి, "గురి కదల్లేదు కదరా?" అని అడిగాడు.

"లేదు పెదనాయనా" అన్నాను.

మునిమాపున వాళ్లిద్దరూ చచ్చిన దూడ దగ్గర కట్టిన మంచె మీద ఉండగా, నేను గని అంచున బండి దగ్గర ఉన్నాను. ఒక్క దెబ్బ వినిపించింది, వెంటనే ఒక గాండ్రింపు. పెదనాయన వచ్చి, గుండెకు తగిలేలా రెక్క వెనకే గురి పెట్టినాననీ, ఎక్కడ తగిలిందో తెలియలేదనీ మెల్లగా చెప్పాడు. దెబ్బతిన్న మృగాన్ని గుడిసెల పక్కన వదిలేయడం తగదని, తెల్లవారగానే రక్తం జాడ పట్టుకుని మేస్త్రీ ముందు నడిచాడు, వెనక పెదనాయన. పాడుబడిన గనిలో, వ్యర్థపు బండల సందులోంచి అది మేస్త్రీ మీదికి దూకింది. పెదనాయన దుర్భిణి చూడకుండానే, తుపాకీ దాదాపు ఆనించి కాల్చాడు. అది చచ్చింది. మేస్త్రీని బండిలో మిషన్ ఆసుపత్రికి చేర్చాం. గాయాలు చీము పట్టి, తొమ్మిదోనాడు పోయాడు.

ఆ చిరుత పక్కన పెదనాయన గొంతుక్కూర్చుని, ముందురోజు గుండు తగిలిన చోటు నుంచి రెక్క దాకా చేత్తో కొలవడం నేను చూశాను. సరిగ్గా జానెడు. లేచి, "నా కండ్లు పోయినాయిరా" అన్నాడు.

పెదనాయన తుపాకీ అమ్మేస్తానంటే నేనే దాన్ని ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఉస్తాద్ మర తల మీద గోరుతో గీకి, రాలిన పెళ్లను నా అరచేతిలో పెట్టాడు. "ఈ లక్క నాది కాదు బేటా" అన్నాడు. ఇంట్లో చెబుతానని మాట ఇచ్చి వచ్చాను. చెప్పలేదు.

పెదనాయన ఆ తర్వాత పన్నెండేళ్లు బతికాడు. ప్రతి క్రిస్మస్‌కూ బియ్యం, బట్టలు తీసుకుని మేస్త్రీ ఇంటికి వెళ్లేవాడు. మూట మోసేది నేను. గడప బయటే నిలబడి, "నా కండ్లను నమ్ముకొని వచ్చినాడమ్మా" అని అతని భార్యతో ప్రతిసారీ అదే మాట అనేవాడు. ఆమె ఆయన్ని ఓదార్చేది. ముసలి కండ్లు, ఎవరేం చేస్తారని నా వైపు చూసి కూడా అనేది. నేను అవునన్నట్టు తలూపేవాణ్ణి. అంతకంటే నీచమైన పని నా జీవితంలో నేను మరొకటి చేయలేదు.

ఇప్పుడు ఆ కొండలు సగానికి సగం బండలై లారీలెక్కి వెళ్లిపోయాయి, చిరుత పేరు విన్నవాళ్లే తక్కువ. లక్క చుక్క చూసి మనిషి లోపలిది పట్టగల ఉస్తాద్‌లు లేరు. అడిగిన ఒక్క మాటకు బదులు విని ప్రాణాన్ని అప్పగించే మనుషులూ లేరు. పెదనాయన పోయాడు, మేస్త్రీ భార్య పోయింది, వాళ్ల పిల్లలు కూలి వెతుక్కుంటూ ఎక్కడికి వెళ్లారో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లకు నాకు ధైర్యం వచ్చి రాస్తున్నానని అనుకోకండి. ఇది విని నన్ను నిలదీయవలసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు గనక రాస్తున్నాను.