కల్వర్టు కింద పరుపు

చిత్తూరులో మేము అద్దెకున్న ఇంటికి వెనక తలుపు తీస్తే వంక. ఎండాకాలంలో అందులో నీళ్లుండవు, కంపచెట్లూ పందులూ ఉంటాయి. ఊడ్చిన చెత్త, ఎంగిలి విస్తర్లు, పగిలిన కుండలు అన్నీ ఆ తలుపులోంచే గిరాటేసేవాళ్లం. మా వరుసలోని ఇళ్లన్నీ అంతే. తలుపేసుకుంటే ఇల్లు అద్దంలా ఉండేది.

మా ఇళ్లు దాటాక వంక పల్లంలోకి దిగి, రోడ్డు కింద కల్వర్టులో దూరుతుంది. కల్వర్టుకు ఇవతల, ఆ పల్లంలోనే కొన్ని పెంకుటిళ్లుండేవి. అందులో ఒకటి ఇడ్లీలమ్మే ఆమెది. మా అత్త మంచాన పడి ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నాలు ఆమే వచ్చి కాళ్లు పిసికేది, పక్క దులిపి మార్చేది. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి ఇద్దరూ ఏదో ఒకటి చెప్పుకుంటూ ఉండేవాళ్లు. ఎనభైల మొదట్లో అత్త పోయింది.

మరుసటి ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. కల్వర్టు పూడిపోయి వంక నీళ్లు పల్లంలోకి తిరిగినాయి. ఇడ్లీలామె ఇంట్లో బియ్యం, మినప్పప్పు, కట్టెలు అన్నీ నానిపోయినాయి. పక్కగోడ కూలింది. మేము మిద్దెక్కి చూశాం.

అప్పట్లో మా వీధి మహిళా సంఘానికి నేనే కార్యదర్శిని. వాన తెరిపిచ్చాక మీటింగు పెట్టాం. పంతులమ్మను కాబట్టి మాట్లాడటం నాకు అలవాటే. "పల్లంలో ఉండేవాళ్లు చెత్తంతా వంకలో పోస్తే ఇంతే అవుతుంది. ముందు వాళ్లకు శుభ్రత నేర్పించాలి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇడ్లీలామె వెనక వరుసలో చాప మీద కూర్చుని ఉంది. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఆదివారం అందరం కలిసి కల్వర్టు శుభ్రం చేయాలని తీర్మానించాం. మగవాళ్లు గడ్డపారలతో దిగారు, ఆడవాళ్లం వరుసగా నిలబడి బురద గంపలు అందుకున్నాం. కాసేపటికి గడ్డపార మెత్తటిదానిలో దిగబడి రాలేదు.

"పందేమో సచ్చి పడుండాదప్పా" అన్నాడు ఒకాయన.

తాడు కట్టి లాగితే బయటికొచ్చింది పంది కాదు, పరుపు. బురద జారిపోతుంటే గలీబు మీది ఆకుపచ్చ మామిడిపిందెలు కనిపించాయి. నా పాత చీర అది. చింపి నేనే మిషను మీద కుట్టాను. అత్త పోయిన పదకొండో రోజు, పోయినవాళ్ల పరుపు ఇంట్లో ఉంచుకోకూడదని నా భర్త, ఆయన తమ్ముడు కలిసి దాన్ని వెనక తలుపులోంచి తోసేశారు. తోసేయమన్నది నేనే. ఆ తర్వాత అది ఏమైందని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఎవరూ గుర్తుపట్టకూడదని తరువాతి గంప కోసం చేతులు చాచాను. ఇడ్లీలామె గంప దించి వచ్చింది. వంగి గలీబు మీద బొటనవేలితో బురద తుడిచింది.

"ఇది పెద్దమ్మది" అంది మెల్లగా. "ఈ గలీబు నేనే కదా మారుస్తా ఉంటిని."

ఆ గొంతులో నింద లేదు. కళ్లలో నీళ్లున్నాయి. తలెత్తి నన్ను చూసి, "ఈడికొచ్చిందా" అంది, అంతే.

"ఎవురిదమ్మా అది?" కింద నుంచి అడిగాడు ఒకాయన.

"ఎవురిదైతే ఏంలే. పట్టండి, గట్టు మీదికేద్దాం" అంది ఆమె.

నన్ను కాపాడాలని చూసింది. ఆపాటికే పక్కింటివాళ్ల చూపులు నా మీద ఉన్నాయి. "మాదే" అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అనాల్సి వచ్చింది.

తర్వాత వచ్చినవన్నీ మా వరుస ఇళ్లవే. సొట్టపడిన సత్తుబేసిను, స్కూటరు టైరు, విరిగిన కుర్చీ. ఏది ఎవరిదో వాళ్లు గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నారు. పల్లంలోని ఇళ్లవి అందులో కనిపించలేదు. పారేసేంతటి వస్తువులు వాళ్లకెక్కడివి?

చెత్త తోలడానికి వచ్చిన బండాయన తడి పరుపు ఎక్కించుకోనన్నాడు. "ఈ బరువుకు ఇరుసు ఇరిగిపోతాది. ఆరినాక సూద్దాం" అని వెళ్లిపోయాడు. దాన్ని తెచ్చి మా ఇంటి ముందు గోడకు ఆనించాం. కంపు కొడుతుంటే నా భర్త విసుక్కున్నాడు.

"మళ్లీ ఎనక్కే తోసేస్తే పోతాది కదా."

"యాడికి పోతాది?" అన్నాను.

బడిపిల్లలు ముక్కు మూసుకుని మా ఇంటి ముందు నుంచి వెళ్తుంటే, నేను చుట్టు తిరిగి ఇంకో సందులో బడికి పోయేదాన్ని. బండాయన మళ్లీ రాలేదు. చివరికి గలీబు ఊడదీసి, కుళ్లిన దూదిని ఇంటి పక్క దొడ్లో గుంత తవ్వి మట్టితో కలిపి పూడ్చాం. ఆ పక్కనే చెత్తకు ఇంకో గుంత తవ్వాం. నా భర్త సణుగుతూనే తవ్వాడు.

ఇడ్లీలామె గోడ మళ్లీ కట్టుకుంటుంటే వెళ్లాను. "ఆ రోజు మీటింగులో నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"ఏ మాటక్కా?" అంది, మట్టిముద్ద గోడకు అద్దుతూ. మరిచిపోయిందో, మరిచిపోయినట్టు ఉందో నాకు తెలియలేదు. నేనూ ఒక మట్టిముద్ద తీసి అందించాను.

తర్వాతి వానలకు వంక నిండుగా వచ్చింది. నీళ్లు ఆగకుండా కల్వర్టులో దూరి పోతున్నాయని నన్ను పిలిచారు. పోయి అందరి వెనకా నిలబడ్డాను. నీళ్లలో ఒక ఎంగిలి విస్తరి తేలుతూ వచ్చింది. మా వీధిది కాదు, ఇంకా పైనుంచి ఎక్కడిదో. అది కల్వర్టు కిందికి పోయేదాకా అందరం దాన్నే చూస్తూ ఉన్నాం.