సుబ్బయ్య చెక్కిన కుడిచెయ్యి

సింగపూర్‌లో అతని వర్క్ పర్మిట్ కార్డు మీద సుప్పయ్య అని రాసి ఉండేది. అసలు పేరు వెంకటసుబ్బయ్య. పలనాటిలోని దుర్గి అతని ఊరు. ఆ ఇంట్లో నాలుగు తరాలుగా మగవాళ్లందరూ ఉలి పట్టినవాళ్లే. నంది కావాలన్నా, నాగప్రతిమ కావాలన్నా, అమ్మవారు కావాలన్నా కొలతలు నోటి లెక్కగా చెప్పేవాళ్లు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు సింగపూర్‌లో నాలుగేళ్లుగా నేలకు పాలిష్ పడుతున్నాడు. కంప్యూటర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్న రోజులవి. పేరుకు చిన్న ఆఫీసైనా లిఫ్టు ముందు పాలరాయి పరవాల్సిందే. ఆ రాతి మీద మిషన్ తిప్పుతూ, "ఏదైతేనేం, రాతి దగ్గరే ఉన్నాగా" అని సుబ్బయ్య తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

రెండువేల సంవత్సరం జూన్‌లో షెంటన్ వే అనే వీధిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్త ఆఫీసు తెరుస్తోంది. యజమాని లిమ్, ముందు హాల్లో పెట్టడానికి ఇటలీ నుంచి ఒక పాలరాతి విగ్రహం తెప్పించాడు. గ్రీకుల దేవత. స్నానానికి బట్టలు విడిచి నిలబడిన మనిషి. ఎడమచేత్తో పక్కనున్న కుండ మీదికి బట్ట జారవిడుస్తోంది, కుడిచెయ్యి ముందుకు అడ్డం పెట్టుకుంది. అలా పెట్టుకుందని కాగితం మీద బొమ్మలో ఉంది. చెక్కపెట్టె విప్పి చూస్తే కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగి, వేళ్లు ముక్కలు ముక్కలై గడ్డిలో పడి ఉన్నాయి.

ప్రారంభోత్సవానికి పన్నెండు రోజులుంది. కొత్తది రావాలంటే మూడు నెలలు పడుతుందట. లిమ్ కాసేపు తల పట్టుకుని, "అలాగే పెట్టెయ్యండి! గ్రీకు బొమ్మలన్నీ విరిగినవేగా, పాతదనుకుంటారు" అన్నాడు. అందరూ నవ్వారు.

గోడవారగా మిషన్ పట్టుకుని నిలబడ్డ సుబ్బయ్యకు నవ్వు రాలేదు. "విరిగిన విగ్రహం వాకిట్లో పెడతారంటయ్యా ఎక్కడన్నా?" అన్నాడు తెలుగులోనే, ఎవరికీ అర్థం కాదన్న ధీమాతో.

ఒక మనిషికి అర్థమైంది. ప్రారంభోత్సవం పనులు చూస్తున్న కల్పన చటుక్కున వెనక్కి తిరిగింది. నరసరావుపేట అమ్మాయి, ఆ కంపెనీలోనే ప్రోగ్రామర్.

"బాబాయ్, మీదే ఊరు?"

"దుర్గి అమ్మా."

"దుర్గియా! శిల్పాల ఊరేగా! అయితే మీరు చెక్కగలరా?"

నాలుగేళ్లలో ఆ మాట అతన్ని అడిగినవాళ్లు లేరు. సుబ్బయ్య మిషన్ వదిలి ముందుకొచ్చాడు. "చెక్కుతానమ్మా. రాయి ఇప్పియ్యండి చాలు."

సూపర్‌వైజర్ మారిముత్తు హడలిపోయాడు. "సుప్పయ్యా, నీ పని ఫ్లోరు. ఉన్నది కూడా పోగొట్టావంటే ఇద్దరం కలిసి ఇంటికి ఫ్లైట్ ఎక్కాలి!" అన్నాడు. కల్పన వెళ్లి లిమ్‌తో మాట్లాడింది. ఎలాగూ విరిగిందే కదా, పోయేదేముందన్నాడతను.

సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డరుగా ఉన్న సుబ్బయ్య స్నేహితుడు బాబ్జీ ఇనుప తుక్కులోంచి మంచి ఉక్కు ఏరి, ఆదివారం కూర్చుని ఆరు ఉలులు చేసిచ్చాడు. మెట్లకని తెచ్చిన మందపాటి తెల్లరాళ్లు మిగిలి ఉంటే, సుబ్బయ్య ఒక్కొక్కదాన్నే తట్టి, చెవి ఆనించి విని, గంటలా పలికినదాన్ని పక్కన పెట్టుకున్నాడు.

అప్పుడు మొదలైంది అసలు తంటా. ముందుగా సిగ్గు. దేవత వైపు తిన్నగా చూడలేక మణికట్టు ఒక్కటే చూస్తూ కొలతలు తీసుకున్నాడు. రెండోది, ఆ రాయి దుర్గి రాయి కాదు. ఉలి నిటారుగా దిగిందా, లోపల తెల్లటి దెబ్బ మచ్చ పడుతుంది. అరగదీసినకొద్దీ ఇంకా పైకి తేలుతుంది. ఏటవాలుగా, పాలమీది మీగడ తీసినట్టు తీయాలి.

అయిదో రోజుకు చెయ్యి తయారైంది. వేళ్లు సన్నగా, పొడుగ్గా, కొసల్లో కాస్త వంపు తిరిగి ఉన్నాయి. తెచ్చి మణికట్టుకు ఆనించి చూపించాడు. కల్పన చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమనుకోకండి బాబాయ్. ఈవిడ భక్తులకి వరమిస్తున్నట్టుంది!"

సుబ్బయ్య ముఖం మాడిపోయింది. కానీ దూరం జరిగి చూస్తే అమ్మాయి అన్నది నిజమే. చేతులు తనవి, అలవాటు తాతలది. తిరునాళ్లలో మొక్కించుకునే చెయ్యి అది. స్నానానికి దిగుతూ ఎవరివో అడుగుల చప్పుడు విన్న మనిషి చెయ్యి కాదు.

ఆ సాయంత్రం కల్పన ఇంటర్నెట్‌లోంచి ఇలాంటి బొమ్మలు పది పన్నెండు ప్రింట్ తీసి తెచ్చింది. చెక్కపెట్టె మీద కూర్చుని, తాను చదివింది చెప్పింది. "మొదట్లో వాళ్లు మగవాళ్లనే ఇలా చెక్కేవాళ్లట బాబాయ్. ఆడవాళ్లకి బట్టలుండేవి. తర్వాత ఒక శిల్పి ఒకే దేవతని రెండు రకాలుగా చెక్కాడట, బట్టలతో ఒకటి, లేకుండా ఒకటి. ఒక ఊరివాళ్లు సిగ్గుపడి బట్టలున్నది కొనుక్కున్నారు. రెండోది ఇంకో ఊరివాళ్లు తీసుకెళ్లారు. దాన్ని చూడ్డానికి జనం ఓడలేసుకుని మరీ వచ్చేవాళ్లట."

"ఆ బొమ్మ ఇప్పుడేడుంది?"

"లేదు. ఎప్పుడో పోయింది. మిగిలినవన్నీ తర్వాతి కాలంలో రోమువాళ్లు దాన్ని చూసి చెక్కిన కాపీలే."

"ఆ చెక్కినోళ్ల పేర్లు?"

"చాలామందివి ఎవరికీ తెలీదు బాబాయ్."

సుబ్బయ్య ఆ ప్రింట్లు ఒక్కొక్కటే తిరగేశాడు. పేరు లేని ఆ పనివాళ్లు ఎంతమందో, ఏ ఎండలో కూర్చుని చెక్కారో గానీ, వాళ్ల చేతుల మీదుగానే ఈ తల్లి ఇంత దూరం వచ్చిందన్నమాట. ఇవాళ తన వంతు వచ్చింది. వెన్ను దానంతటదే నిటారైంది.

మర్నాడు మొదటిసారి విగ్రహం చుట్టూ తిరిగి తల నుంచి పాదం దాకా చూశాడు. బరువంతా ఒక కాలి మీదే ఉంది. భుజం అటు వాలితే తుంటి ఇటు లేచింది. మన అమ్మవారికైతే వడ్డాణం ఉంటుంది, కంటె ఉంటుంది. ఉలి ఎక్కడన్నా జారితే అక్కడొక పూస పెంచి కప్పుకోవచ్చు. ఈమె ఒంటిమీద నూలుపోగు లేదు. తప్పు చేస్తే దాచుకోవడానికి జానెడు చోటు లేదు. మొదట చెక్కినవాడిది ఎంత గుండె నిబ్బరమో అనుకున్నాడు. ఆ తర్వాత అతనికి సిగ్గు అన్న మాటే గుర్తురాలేదు.

రెండోసారి చెక్కింది మామూలు ఆడమనిషి చెయ్యి. కాస్త కండపట్టి, వేళ్లు సగం ముడుచుకుని, చిటికెనవేలు మిగతావాటికన్నా ఎడంగా, ఇంకా ఏం చెయ్యాలో తేల్చుకోనట్టు ఉంది. లోపల ఉక్కు కడ్డీ గుచ్చి, పాలరాతి పొడి కలిపిన జిగురుతో అతికించి, తడిబట్టతో, సన్నటి గరుకుకాగితంతో రెండు రోజులు రుద్దాడు.

ప్రారంభోత్సవానికి ముందురోజు, విరిగినదానికి నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ మనిషి కెమెరాతో దిగాడు. విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎడమచేతి మణికట్టు దగ్గర రాతిలోనే పుట్టిన సన్నటి గీత ఒకటి పట్టుకుని, "ఇదేనా విరిగింది?" అన్నాడు.

మారిముత్తు పడీ పడీ నవ్వాడు. "అది కాదు సార్, కుడిది! మా సుప్పయ్య చేశాడు, మా సుప్పయ్య!" అని హాలంతా వినబడేలా చెప్పాడు. ఫ్లైట్ ఎక్కాల్సి వస్తుందన్న మనిషి ఇతనేనా అని కల్పన నోరు తెరిచింది. ఇన్సూరెన్స్ మనిషి వేలితో అతుకు తడిమి చూశాడు. దొరకలేదు. పాలిష్ దుమ్ముతో తెల్లబడ్డ సుబ్బయ్యకు చెయ్యి అందించాడు. సుబ్బయ్య తన చెయ్యి ప్యాంటుకు తుడుచుకోకుండానే కలిపాడు.

ఆ వారం నుంచి అతని పాలిష్ కంపెనీ పనుల్లో ఎక్కడ రాయి పగిలినా సుప్పయ్యనే పిలిచారు. నేల మిషన్ వేరేవాళ్లకిచ్చారు.

కల్పన తీసిచ్చిన ఫోటో ఇంటికి పంపాడు. మరుసటి వేసవిలో సెలవు మీద దుర్గి వెళ్తే, భార్య ఆదెమ్మ తన చిల్లర కొట్టులో దాన్ని గోడకు పెట్టే ఉంచింది. కానీ ఫోటోను నాలుగు మడతలు పెట్టి, చెయ్యి ఒక్కటే పైకి కనపడేలా మేకులు కొట్టింది.

"ఇదేందే?"

"మరేం చెయ్యమంటావు? పిల్లా జెల్లా వచ్చే కొట్టు. నీ పని వరకు కనపడుద్దిగా."

సుబ్బయ్య మేకులు పీకి, మడతలు విప్పి, అరచేత్తో చదును చేశాడు. "మనిషంతా కనపడితేనే, ఆ చెయ్యి ఎందుకట్టా ఉందో తెలిసేది. ఎవరన్నా అడిగితే నన్ను పిలువు, నేను చెబుతా" అని నిండు ఫోటో మళ్లీ గోడకు కొట్టాడు. ఆదెమ్మ ఏదో గొణిగింది గానీ తీయలేదు.

సాయంత్రం ఊళ్లో అందరికన్నా పెద్ద శిల్పి, ఎనభై దాటిన పెద్దయ్య చుట్టకోసం వచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆదెమ్మ లోపలికి తప్పుకుంది.

"నడుం కాడ ఆ మడత చూశావంట్రా సుబ్బయ్యా? మెత్తటి మాంసమేరా అది. రాతిలో ఎట్టా తీశాడంటావు?"

"అదే బాబాయ్, నేనూ చాలా ఆలోచించా" అంటూ సుబ్బయ్య అరుగు మీద చోటు చూపించాడు. ఇద్దరూ కూర్చున్నారు.