రేకు గోడ లోపల

నేను నర్సుని. తెనాలిలో ఉంటూ రోజూ పొద్దున్నే రేపల్లె రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో నగరం అనే ఊరి దగ్గరి ఒక పల్లెకు వెళ్లేదాన్ని. ఆ ఊళ్లో ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రి ఉండేది. డాక్టరుగారు వారానికి రెండుసార్లు వచ్చేవారు. మిగతా రోజుల్లో బీపీలు, షుగర్లు, పుండ్లకు కట్లు, కడుపుతో ఉన్న ఆడవాళ్ల పరీక్షలు అన్నీ నేనే చూసుకునేదాన్ని. నాకు తోడుగా ఆ ఊరావిడే ఒకామె ఆయాగా చేసేది. నాకన్నా పెద్దది కాబట్టి పిన్నీ అని పిలిచేదాన్ని.

పాత పెంకుటిల్లు కూలేలా ఉందని ట్రస్టువాళ్లు దాన్ని పడగొట్టించి, ఫ్యాక్టరీలో తయారైన గదులు తెప్పించారు. రెండు పొడుగాటి లారీల మీద రెండు గదులు దిగాయి. తలుపులు, కిటికీలు, ఫ్యాన్లు, చివరికి వాష్‌బేసిన్‌తో సహా అన్నీ బిగించే వచ్చాయి. క్రేన్‌తో ఎత్తి సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టి, రెంటినీ కలిపి బోల్టులు బిగించారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఆసుపత్రి తయారు. ఊళ్లోవాళ్లు పనులు మానుకుని వచ్చి, గోడల్ని వేళ్లతో కొట్టి చూశారు.

"రెండు రేకుల మధ్య మందంగా థర్మాకోల్ ఉంటుందండి. ఎండ లోపలికి రాదు" అన్నాడు కంపెనీ మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. అంతా సవ్యంగా అందిందని రాసి ఉన్న కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకున్నాడు. నేను గోడల వంక చూడనైనా లేదు. కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయని మురిసిపోతూ పెట్టేశాను. తలుచుకుంటే నా మీద నాకే రోత.

వరి కోతలయ్యాక ఎలుకలు వచ్చాయి. దిమ్మెల మధ్య సందుల్లోంచి గోడల్లోకి దూరాయి. రోజంతా లోపల గీకుడే. చెవులకు స్టెతస్కోపు పెట్టుకుంటే నాడి చప్పుడు కంటే వాటి పరుగులే ముందు వినపడేవి. మూలల్లోంచి తెల్ల థర్మాకోల్ పూసలు, వాటితో పాటు ఎలుక పెంటికలు రాలేవి. పిన్ని రోజుకు మూడుసార్లు ఊడ్చేది. పుండ్లకు వాడే దూది మీద ఎలుక ఉచ్చ మరకలు కనిపించిన రోజున కంపెనీ మనిషికి ఫోన్ చేశాను.

అతను వారం రోజులకు వచ్చాడు. ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని, వెంట తెచ్చిన పనివాడి చేత కన్నాలన్నిట్లో ట్యూబుతో గమ్ము కూరించాడు.

"ముందు వాటిని వెళ్లగొట్టాలి కదండి?" అన్నాను.

"అవే పోతాయి మేడమ్."

"కన్నాలన్నీ మూసేస్తే ఎక్కడికి పోతాయండి?"

నవ్వాడు. "అదే చెప్తున్నానండి. పోతాయి."

ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఒంటిమీద పాకుతున్నట్టే ఉంటుంది. నాలుగైదు రోజులు గోడలో ఒకటే గీకుడు, కీచుమని అరుపులు. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత కంపు మొదలైంది. ఎండెక్కి రేకు వేడెక్కేకొద్దీ అది చిక్కగా గదంతా కమ్ముకునేది. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయి, "ఇక్కడే చూడు తల్లీ" అనేవాళ్లు. అగరొత్తులు వెలిగిస్తే ఆ వాసనతో కలిసి కంపు ఇంకా పెరిగేది.

ఒకరోజు తొమ్మిదో నెల అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి బిడ్డ గుండె చప్పుడు వింటున్నాను. పైకప్పు అతుకులోంచి తెల్లటి పురుగొకటి ఆమె పొట్ట మీద పడింది. నేను తుడిచేలోగా ఇంకొకటి. ఆ అమ్మాయి కెవ్వుమని లేచి, చీర దులుపుకుంటూ బయటికి పరిగెత్తింది. నేను అదే వాష్‌బేసిన్‌లో వాంతి చేసుకున్నాను.

మర్నాడు రేపల్లెలో రేకు పనిచేసే సాయిబుగారిని వెంటబెట్టుకుని వెళ్లాను. ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఆయన రేకు మరలు ఒక్కొక్కటే విప్పాడు. రేకు కిందికి జారగానే పిన్ని "అమ్మో" అంటూ బయటికి పోయింది. కుళ్లి ముద్దలైన ఎలుకలు, వాటి మీద లుకలుకలాడే పురుగులు. దానికంటే రోత ఇంకోటి ఉంది. థర్మాకోల్ పైన మూరెడు మేరే ఉంది. దాని కింద గోడ నిండా గుట్కా కవర్లు, నూనె గుడ్డలు, చిరిగిన గోనెసంచులు, ఎవరో తిని పారేసిన బిర్యానీ పొట్లాలు. ఫ్యాక్టరీ చెత్తంతా కూరి, పైన తెల్లరేకు బిగించేశారు.

"ఎలుకల్ని ఏమంటాం సిస్టరమ్మా" అన్నాడు సాయిబుగారు. "ఇదంతా మనుషులు చేసింది."

ఫోన్లో వీడియో తీసి బాపట్లలో ఉండే ట్రస్టు కార్యదర్శిగారికి పంపాను.

"గోడ విప్పే ముందు మమ్మల్నొక మాట అడగాలి కదమ్మా" అన్నారాయన.

"మీరొచ్చి ఒక్క పది నిమిషాలు లోపల కూర్చోండి సార్. తర్వాత మాట్లాడదాం."

వచ్చారు. గుమ్మం దాటలేదు. కానీ ఆ గదులు తీయించేసి, అదే స్థలంలో ఇటుకలతో కట్టిస్తానని మాటిచ్చారు, కట్టించారు కూడా. అందాకా పాల కేంద్రం వసారాలో పనిచేశాం.

ఆ గదులు ఏమయ్యాయో నేను అడగలేదు. కొన్నాళ్లకు కాకుమాను వైపు మా ట్రస్టుకే చెందిన ఇంకో ఆసుపత్రి ఫోటో చూశాను. నీలం రంగు వేశారు గానీ, అవి మా పాత గదులే, కిటికీ మూల సొట్ట నాకు తెలియదా? అక్కడి నర్సుకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"మాకు ఇన్నాళ్లూ గదే లేదక్కా. వానొస్తే సైకిల్ షాపులో కూర్చుని ఇంజెక్షన్లు చేశాను. ఇప్పుడిది కూడా వద్దంటే ఎక్కడ కూర్చోను?" అందామె.

కార్యదర్శిగారికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "పారేయలేం కదమ్మా" అన్నారు. ఆదివారం సాయిబుగారు రైల్లో తెనాలి వస్తే, ఇద్దరం పొన్నూరు మీదుగా కాకుమాను వెళ్లాం. ఆ నర్సూ మేమూ కలిసి రెండు గదుల రేకులూ విప్పాం. లోపల ఎవరూ శుభ్రం చేయలేదు. ఎండిన తోకలు, ఎముకలు, అదే చెత్త. అంతా గోనెల్లోకి ఎత్తి తగలబెట్టాం. ఫినాయిల్‌తో కడిగాం. సాయిబుగారు ఎలుకలు దూరకుండా అడుగున ఇనుప జల్లెడ కొట్టి, కొత్త థర్మాకోల్ పెట్టి మళ్లీ బిగించాడు.

ఇంటికొచ్చి రెండుసార్లు తలంటుకున్నాను. అన్నం కలపబోతే వేళ్లకు అదే కంపు. కంచం పక్కకు నెట్టేశాను.