మూసిన కళ్ళ ఫోటో

ఎన్నడూ చూడని మనిషి చూపును రాతిమీద చెక్కడం న్యాయమేనా? డిగ్రీ చదివే రోజుల్లో, ములుగు నుంచి వచ్చే బస్సులో, సమాధిరాళ్ళపై సూదిమొనతో ముఖాలు చెక్కే ఒక పెద్దాయనను ఇలాగే నిలదీశాను. ఆయన ఒడిలోని నల్లరాతిపై ఒక స్త్రీ ముఖం పూర్తయింది. కళ్ళ చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఆమెకున్న ఒకే ఒక్క ఫోటో, చనిపోయాక తీసినది.

"న్యాయం కాదు తమ్మీ. జర తప్పు గీత పడ్డా రాయి మాఫ్ చెయ్యది. అందుకే ఆమె బిడ్డె దగ్గరికి పోతాన. అమ్మకు కోపమొస్తే ఎట్ల చూస్తుండెనో అడుగుత."

"నవ్వు గురించి అడగరా?"

"నవ్వు అందరు ఒక్కతీర్గనే చెప్తరు. మీ అమ్మ కోపంల ఎట్ల చూస్తది, చెప్పు?"

వాదపోటీల్లో ఎన్నడూ తడబడని నాకు, హన్మకొండలో దిగేదాకా ఎంత తలచుకున్నా అమ్మ తిట్లే వినిపించాయి, ఆమె కళ్ళు కనిపించలేదు.

పాఠకులారా, ఈ పూట మీ అమ్మ మిమ్మల్ని కోప్పడితే, తల దించుకోకుండా ఆమె కళ్ళలోకి చూడండి.