పోయిందనుకుని రాసిన మాటలు

తన జిరాక్స్ కొట్లో స్టూలు మీంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాక జిరాక్స్ అక్కకు మౌసు మాట అటుంచి, గరిటె పట్టుకోవడమే గగనమైపోయింది. ఎముక ఓ పట్టాన అతకలేదు. ఏడు నెలల తరువాత కట్టు విప్పగానే ఆత్రంగా, తనూ పనిచేసే ఓ సాఫ్ట్‌వేర్ వాళ్ళ వెబ్‌సైటు తెరిచింది. తెరిచి, కొయ్యబారిపోయింది.

తెర మీద తన ఫొటో. కింద నల్లగీత. "మన అక్క ఇక లేరు."

"ఏమండోయ్! నేను పోయానట!"

కాగితాల కట్ట విప్పుతున్న భర్త తల తిప్పకుండానే, "ఎక్కడికి?" అన్నాడు.

"పైకి!"

కంపెనీలు చేతులెత్తేసిన పాత ప్రింటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, చేతనైనవాళ్ళు ఓ చెయ్యి వేసి బాగుచేయవచ్చు. అక్కకు ప్రోగ్రాం రాయడం రాదు. కొట్టుకొచ్చిన ప్రతి మొండి ప్రింటరునీ దానితో నడిపి, ఎక్కడ కాగితం నములుతోందో, ఎక్కడ అక్షరాల తోకలు తెగుతున్నాయో విడమరిచి రాసేది. బిక్కమొహం వేసిన కొత్తవాళ్ళకు ఓపిగ్గా చెప్పేది. ఇన్నేళ్ళలో ఒక్కరూ బాగుందన్న పాపాన పోలేదు.

ఈ సంతాపానికి మూలం కూడా ఆమే. అక్కడ పనిచేసిన పెద్దాయనొకరు పోతే ఏడాదిదాకా ఎవరికీ తెలియలేదు. అక్క ప్రాణం విలవిల్లాడింది. "ఆరు నెలలు అలికిడి లేకపోతే మెయిలు పెట్టండి. అప్పటికీ పలక్కపోతే పోయినట్టే లెక్క. నాలుగు మంచి మాటలు రాసుకుందాం" అని పట్టుబట్టింది. వాళ్ళు ఆ పనిని ఓ ప్రోగ్రాంకు అప్పగించారు. మణికట్లు విరుగుతాయని దానికెవరూ చెప్పలేదు.

అక్క పేజీ కిందికి జరిపింది. "నా మొదటి తప్పుకు నవ్వని మనిషి." "ఆవిడ ఓపిక చూసే నేనిక్కడ ఆగాను." చివర, ఎప్పుడూ తనతో తగాదా పడే ముక్కోపి ప్రోగ్రామరు: "ఆవిడ చెప్పిన లోపాలన్నీ నిజమే. ఒక్కసారీ ఒప్పుకోలేదు నేను."

చచ్చానన్న కబురుకంటే ఈ దెబ్బే గట్టిగా తగిలింది. ఆ మాటలు పైకే చదివి వినిపించింది.

"చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా!" అంది పక్కనే ఉన్న అత్తగారు. "బతికున్నానంటే అవన్నీ చెరిపేస్తారేమో, చూసుకో తల్లీ."

నిజమే. మనిషి పలికితే ఆ పేజీ దానంతటదే పోతుంది. ఆ మాటలూ పోతాయి.

"పోనీ, ఇంకో వారం పోయే ఉండు" అన్నాడు భర్త.

అక్క ఉరిమి చూసి, ఎడంచేత్తో టైపు కొట్టింది: "బతికే ఉన్నాను. చెయ్యి విరిగిందంతే."

పేజీ మాయమైంది. అంతలో తెర మీద ముక్కోపి పలికాడు.

"దెయ్యమా, మనిషా?"

"మనిషినే."

"అమ్మయ్య! ఉండండి, అవన్నీ మళ్ళీ రాస్తాను."

ఆ తరువాత: "రావట్లేదక్కా. పోయారనుకున్నప్పుడు తన్నుకొచ్చాయి. ఎదురుగా ఉంటే సిగ్గేస్తోంది."

అక్క నవ్వబోయి ఆగిపోయింది. ఇతనికి తానైనా ఓ మంచి మాట ఎప్పుడు చెప్పింది గనక? నొప్పి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, ముందు తనే మొదలుపెట్టింది.