శ్రీమతి డోరా క్లెగ్, ఆమె స్నేహితురాలు

1954 జులై ఆరు, మంగళవారం. తెల్లవారినప్పటి నుంచి ఉత్తర ఇంగ్లండులోని మా ఆక్రింగ్టన్ మీద సన్నని వాన విడవకుండా కురుస్తూనే ఉంది. ఆ ఏడు వేసవి క్యాలెండరులో తప్ప ఆకాశంలో కనబడలేదు. మాంసం మీద రేషను ఎత్తివేసి రెండు రోజులైంది. పద్నాలుగేళ్ల తరవాత కూపను లేకుండా గొడ్డుమాంసం కొనుక్కోవచ్చునని ఆడవాళ్లు కొట్టు ముందు గొడుగులతో బారులు తీరారు. మా ఊరి వారపత్రిక ఫోటోగ్రాఫరు కూడా వచ్చాడు.

వరసలో అందరికన్న ముందున్నది డోరా క్లెగ్. ఆరుగురు బిడ్డల తల్లి. వీధిలో ఆమెను ఎరగనివారు లేరు. కెమెరా ముందు రేషను పుస్తకం చించమంటే వెనకాడే మనిషి కాదు.

"చించాక సర్కారోళ్లు మళ్లీ కావాలంటే నువ్వే అతికించాలబ్బాయ్."

"అతికిస్తాలే అత్తా, ముందు నవ్వు."

"ఆ ఎముక ధర చూశాక నవ్వెక్కణ్ణుంచి వస్తుంది?"

వరసంతా నవ్వింది. డోరా తడవకుండా తన గొడుగును అటు వంచి నిలబడ్డ ఒక సన్నని మనిషి కూడా నవ్వింది. ఆమె ఎనిడ్ త్రెల్‌ఫాల్. మా పక్కింటి మేడగదిలో అద్దెకుండేది. లాండ్రీలో కాలర్లకు గంజి పెట్టే పని. వయసు యాభైకి దగ్గర. తల్లి పోయాక ఆమె కోసమని ఎవరైనా వచ్చి తలుపు తట్టగా నేను చూడలేదు.

బతుకంతా బడిలో వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక, పత్రికలో బొమ్మకన్న ముందు దాని కింది వాక్యాన్ని చదవడం నాకు అలవాటు. ఆ వాక్యాలది ఒక వింత భాష. అందులో క్రియ ఉండదు కనుక కాలమూ ఉండదు. ఏనాడో గతించినవారు కూడా ఎడమ నుంచి కుడికి నిలబడే ఉంటారు. ఇక పేరు తెలియనివారు బొమ్మలో పడితే పత్రికలవారు స్నేహితుడనో, స్నేహితురాలనో రాసి ఊరుకుంటారు. సంజ్ఞావాచకం దొరకనప్పుడు జాతివాచకంతో సరిపెట్టడమన్నమాట. దీనిపై నేను తరగతిలో ఒక గంట చెప్పగలను, చెప్పాను కూడా. కాని ఇక్కడ చెప్పదలచినది ఎనిడ్ సంగతి.

శనివారం పత్రికలో బొమ్మ పడింది. కింద ఇలా ఉంది: "కూపనుకు వీడ్కోలు. శ్రీమతి డోరా క్లెగ్, ఆమె స్నేహితురాలు."

ఆ సాయంత్రమే ఎనిడ్ పత్రిక పట్టుకొని మా ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, పత్రికవాళ్లకి ఒక ముక్క రాసిపెడతారా? నా పేరు వెయ్యలేదు."

"దానికేమమ్మా, సవరణ వేయడం వాళ్ల విధి," అని అప్పటికప్పుడే రాసి చదివి వినిపించాను. "చిత్రంలో ఉన్నది శ్రీమతి క్లెగ్ స్నేహితురాలు కాదు, కుమారి ఎనిడ్ త్రెల్‌ఫాల్."

ఆమె పత్రిక మడత విప్పి బొమ్మ కింది వాక్యాన్ని మళ్లీ చూసుకుంది.

"ఆ 'కాదు' ఉండాల్సిందేనాండీ?"

"తప్పు తీసేస్తేనే గదమ్మా ఒప్పుకు చోటు."

"తప్పో కాదో ఇంకా తెలీదు కదండీ. ఇన్నేళ్లుగా ఒకే వీధిలో ఉంటున్నాం. ఆ అబ్బాయి అడిగితే ఆవిడే అలా చెప్పారేమో."

ఊరిలో తన గురించి ఒక మనిషైనా నిజంగా ఆ మాట అన్నదా? ఆమెకు కావలసినది అంతే. అన్నదని తేలితే పేరు అచ్చు కాకపోయినా ఆమెకు చింత లేదు.

మరునాడు అల్లం కేకు చేసుకొని, ఉన్నవాటిలో మంచి కోటు వేసుకొని బయలుదేరింది. క్లెగ్ వాళ్లది మా ఎదురిల్లే. నేను గేటు దగ్గర గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నాను గనుక మాటలన్నీ వినబడ్డాయి.

"చెప్పు తల్లీ, చర్చి చందాకా?" అంది డోరా తలుపు తీస్తూ.

"కాదండీ. పత్రికలో బొమ్మ..."

"నువ్వూ చూశావా? మా ఆయన నా గడ్డం కింద మడతలు లెక్కపెట్టి రెండని తేల్చాడు. ఇంతకీ నువ్వెవరమ్మా? ఎక్కడో చూసినట్టే ఉంది."



"లాండ్రీలో పనిచేస్తానండీ."

"ఓ, లాండ్రీయా. ఆయన చొక్కాలేవైనా పోగొట్టారా ఏంటి?"

"లేదండీ, అన్నీ ఉన్నాయి. ఇది పిల్లలకి."

"లాండ్రీవాళ్లు కేకులు కూడా పంచుతున్నారా? బావుంది. లోపలికి రమ్మందును గానీ, ఇంటినిండా చుట్టాలు."

డోరా మనసులో ఏ చెడ్డా లేదు. ఆమె తలుపు వేసుకున్నాక ఎనిడ్ వీధి దాటి నా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ ఉత్తరం పంపకండి, మాస్టారూ."

"అదేమిటమ్మా, తప్పని ఇప్పుడు తేలింది గదా?"

"నాకూ మీకూ తేలింది. ఊరికి తేలలేదు కదా."

ఆ వారమే ఆమె పత్రికాఫీసుకు వెళ్లి ఆ ఫోటో ప్రతి ఒకటి కొనుక్కుంది. కొన్న ప్రతికి కింది వాక్యం రాదు. పత్రికలోంచి ఆ వాక్యాన్ని కత్తిరించి తనే అంటించుకుంది.

తరవాతి కాలంలో లాండ్రీ మూతపడింది. ఆమె గ్రేంజ్‌లో, సముద్రపుటొడ్డున వృద్ధుల కోసం కట్టిన ఒక వసతిగృహంలో చేరింది. 1973 నవంబరులో అక్కడి నుంచి నాకొక ఉత్తరం రాసింది.

"మాస్టారికి నమస్కారాలు. ఇక్కడ సముద్రం ఉందన్న మాటే గాని, సగం రోజు కనబడదు. ఆటు సమయంలో అంత దూరం వెనక్కి పోతుంది. నా పక్క గదిలో ఆలివ్ ఎంట్‌విసిల్ అనే ఆవిడ ఉన్నారు. చెవులు సరిగా వినబడవు. సాయంత్రాలు ఇద్దరం ఒకే దుప్పటి మోకాళ్ల మీద కప్పుకొని కిటికీ దగ్గర కూర్చుంటాం. మాటలేమీ ఉండవు. మొదటి రోజు నా పేరు ఆవిడకి ఈడిత్ అని వినబడింది కాబోలు, అప్పటినుంచి అలాగే పిలుస్తున్నారు. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. ఇప్పుడు వంటావిడ కూడా అంతే. నేను సరిదిద్దలేదు. మీకు నచ్చదని తెలుసు. ఎప్పుడైనా ఇటు వస్తే గుమ్మంలో ఎనిడ్ కోసం అడగకండి, అలాంటివాళ్లెవరూ లేరని పంపించేస్తారు. ఈడిత్ అని అడగండి."