ట్యాంకు మూత మీద ముడి

ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులు కనబడితే నవ్వకండి.

కొత్తపేట దగ్గర ఒక ఆసామి ట్రాక్టరుని పద్దెనిమిదేళ్లు నడిపాను. మొన్నటి సార్వా పంటకి, నాట్లకి ముందు దమ్ములు మొదలైన వారంలోనే బండికి జబ్బు చేసింది. పొద్దున్న బాగానే లేచేది. ఇనప చక్రాలతో బురదలోకి దిగి గంట దున్నేసరికి లాగుడు తగ్గిపోయేది. యాక్సిలేటరు ఎంత ఇచ్చినా మూలుగే తప్ప కదలిక ఉండేది కాదు. చివరికి ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్లీ లేచేది.

నల్ల పొగ వస్తే గాలి అందడం లేదని అర్థం. పొగ రావడం లేదు. అంటే డీజిలే అందడం లేదు. ఫిల్టరు మార్చాను. పైపులు ఊది చూశాను. బోల్టు వదులు చేసి పైపులో చేరిన గాలి తీశాను. గంటసేపు బాగుండి మళ్లీ అదే వరస. చూడనిది ట్యాంకు మూత ఒక్కటే. దాన్ని నేను ముట్టుకోకూడదు.

ఆ వానాకాలం మూతలోంచి నీళ్లు దిగుతున్నాయని ఆసామి యూరియా బస్తా లోపలి కవరు దానికి చుట్టి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టారు. ముడి ఆయనే వేసేవారు, డీజిలు పోసినప్పుడల్లా ఆయనే విప్పేవారు. వాన కోసమే అనుకున్నాను. నేను మూత విప్పి డీజిలు తీస్తున్నానేమోనని ముడి ఆనవాలు చూసుకుంటున్నారని తర్వాత తెలిసింది.

బండి మొరాయించిన మూడోరోజు టీకొట్టు దగ్గర పదిమందిలో ఆసామి అడిగేశారు.

"ఒరేయ్, డీజిలు తీసి అమ్ముకుని ట్యాంకులో ఏం కలిపేవురా?"

"అదేంటండీ బాబుగారూ! నేనెందుకు కలుపుతానండీ?"

టీ కాచే ఆయన అందుకున్నాడు. "కొబ్బరినీళ్లు కలిపుంటాడండీ. మన దగ్గర అవేగా చవక!"

అందరూ నవ్వారు. ఆసామి కూడా నవ్వారు. నా చేతిలో టీ అలాగే చల్లారిపోయింది.

మర్నాడు పలివెల వైపు చేలో మళ్లీ ఆగింది. బురదలో దిగి ట్యాంకు వైపు చూశాను. ఆ కవరు మూతకి అతుక్కుపోయి, లోపల్నుంచి ఎవరో పీలుస్తున్నట్టు గుంట పడి ఉంది. నాకు ఒళ్లు మండింది. కొడవలితో ముడి కోసేశాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది.

మూతకి సన్నటి కన్నం ఉంటుంది. డీజిలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి వెళ్లాలి. అది మూసుకుపోతే డీజిలు కిందికి దిగదు. ఆయన కట్టిన ముడే బండి పీక నొక్కింది. సాయంత్రం దాకా దున్నాను. ఒక్కసారి ఆగలేదు.

కోసిన కవరు పట్టుకెళ్లి చూపించాను. చూసి నవ్వేశారు.

"ఆయ్, ఇదా! ముడి కాస్త గట్టిగా పడిపోయినట్టుంది. పోన్లే, డీజిలు పంపు విప్పించే పని తప్పింది."

"బాబుగారండీ, ఈ మాట ఆ టీకొట్టు దగ్గర ఒక్కసారి చెప్పండి. నా పేరు పోయిందండీ."

"ఇంతదానికి పంచాయితీ ఏంట్రా? ఎవడూ గుర్తుపెట్టుకోడు. వెళ్లి అన్నం తిను."

నేను అన్నానికి వెళ్లలేదు. బండికి బురద లేకుండా కడిగి, తాళం ఆయన అరుగు మీద పెట్టేశాను. మర్నాటి నుంచి ఆ పనికి వెళ్లలేదు.

ఇప్పుడు కొబ్బరికాయలు ఒలుస్తున్నాను. గుణపం మీద కాయ దించుతుంటే రోడ్డు మీద ఆ బండి వెళ్లడం వినిపిస్తుంది. చూడక్కర్లేదు, చప్పుడుతోనే పోల్చుకుంటాను. బాగానే లాగుతోంది. మూత మీద కవరు కట్టడం మానేశారట. అంటే ఆయనకి అంతా అర్థమైంది.

టీకొట్టు దాటుతుంటే మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు పిలుస్తారు. "ఏం బాబాయ్, కొబ్బరినీళ్లు ఇవాళ ఎన్ని లీటర్లు పోసేవు?"

నేను తలదించుకుని వెళ్లిపోతాను. ఎన్నాళ్లయినా ఆయన నోట ఆ ఒక్క మాట రాలేదు. అందుకే చేతగాకపోయినా ఇది రాశాను.

నా రాతలో తప్పులుంటాయి, క్షమించండి. క్షమించమని అడగడానికి నాకేం నామోషీ లేదండి.